జలుబు వైరస్ మెదడుకు ఎక్కుతుందా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. పోయిన నెల జలుబు చేసి 103 డిగ్రీల జ్వరం వచ్చింది. రెండో రోజు రాత్రి కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. రెండు మూడు నిమిషాల్లో తగ్గింది. ఆసుపత్రిలో ఫ్లూ అన్నారు, ఒక రోజు ఉంచుకుని పంపించేశారు. స్కాన్ తీయలేదు. ‘వైరస్ మెదడుకు ఎక్కి ఉంటుంది, స్కాన్ తీయించాల్సింది’ అని మా ఆడపడుచు అంటోంది. బాబు ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు గానీ నాకే నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ‘బాగానే ఆడుకుంటున్నాడు’ అన్నారు చూశారా, నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదేనమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి బాబుకి వచ్చింది జ్వరం ఫిట్స్. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి ఇది వస్తుంది. ఫిట్స్ 15 నిమిషాల్లోపు ఆగి, రోజులో ఒక్కసారే వచ్చి, ఆ తర్వాత పిల్లాడు మామూలుగా తేరుకుంటే సాధారణంగా స్కాన్ అక్కర్లేదు. తీయకపోవడం నిర్లక్ష్యమేమీ కాదు.

మీ ఆడపడుచు మాట పూర్తిగా కొట్టిపారేసేది కూడా కాదు. ముక్కు పైభాగంలో వాసన పసిగట్టే నరాలు జల్లెడలాంటి పలుచని ఎముక గుండా నేరుగా మెదడుకు వెళతాయి. కొన్ని వైరస్‌లకు అది దొడ్డిదారి. రక్తంలో కలిసి వెళ్లేవీ ఉన్నాయి, కాకపోతే మెదడు రక్తనాళాల గోడలు గట్టి కాపలా కాస్తాయి. కోవిడ్‌లో వాసన పోయినప్పుడు చాలామంది వైరస్ మెదడును తినేసిందనే అనుకున్నారు. నిజానికి అక్కడ ఎక్కువగా దెబ్బతిన్నవి నరాలు కావు, వాటిని అంటిపెట్టుకుని ఉండే సహాయ కణాలు. అందుకే చాలామందికి వాసన తిరిగి వచ్చింది.

ఫ్లూలో మెదడు దెబ్బతినడం అరుదు. అలా జరిగిన పిల్లల వెన్నునీరు తీసి చూస్తే తరచూ అందులో వైరసే కనపడదు! వైరస్ ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది. దాని మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ అదుపు తప్పి విరుచుకుపడితే రక్తంలో వాపు పుట్టించే రసాయనాలు పోటెత్తుతాయి. వాటి ధాటికి ఆ కాపలా గోడ సడలి మెదడు వాస్తుంది. ఇందులో బాగా తీవ్రమైన రకాన్ని 1995లో జపాన్ వైద్యులు ప్రత్యేక జబ్బుగా వర్ణించారు. అందులో మెదడు లోపల రెండు వైపులా ఉండే థాలమస్ అనే భాగం దెబ్బతింటుంది. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు స్పృహ తప్పుతారు. అలాంటి పిల్లాడు మర్నాడు లేచి ఆడుకోడు.

జ్వరం ఎక్కువైతే పిల్లలు కాసేపు కలవరించడం మామూలే. జ్వరం దిగాక కూడా పొంతన లేకుండా మాట్లాడినా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, లేపితే లేవకపోయినా, మెడ బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా రాత్రీ పగలూ చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరం ఫిట్స్ వచ్చిన ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది, మీరు సిద్ధంగా ఉండాలి. మన ఇళ్లలో ఫిట్స్ అనగానే తాళాల గుత్తి చేతిలో పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు, చెంచా వల్ల పళ్లు విరుగుతాయి. బాబుని పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. పారాసిటమాల్ ఒంటికి హాయినిస్తుంది గానీ ఫిట్స్‌ని ఆపదు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వనే వద్దు. ఫ్లూలో అది పిల్లల కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్‌కి దారితీయవచ్చు.

ఫ్లూ టీకా ఏటా వేయించండి. ఇంతకుముందు వేయించి ఉండకపోతే ఈసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడతాయి. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కనున్న వాళ్లెవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. మీరు కంగారులో చెప్పే పది మాటల కంటే ఆ అర నిమిషం వీడియో డాక్టర్‌కి ఎక్కువ చెబుతుంది.