తెలుగు గళ్ళనుడికట్టులో ప్రత్యేకత ఏమిటి?

రోజూ పత్రికలోని గళ్ళనుడికట్టు నింపడంలో ఆనందమేముంది, ఆంగ్ల క్రాస్‌వర్డ్ పజిల్‌కూ దీనికీ తేడా ఏమిటని ప్రశ్న. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన పజిల్ వచ్చిన నాటి నుంచి ఆంగ్లంలో గడికొక అక్షరమే ఉంటుంది. తెలుగులోనూ అంతే, కాని మన అక్షరం గుణింతాన్నీ, ఒత్తునూ, సున్నానూ తనలోనే ఇముడ్చుకుంటుంది కనుక, ఆంగ్లంలో 8 గళ్ళు కావలసిన నల్లగొండ మనకు న, ల్ల, గొం, డ అని 4 గళ్ళలోనే సరిపోతుంది. అడ్డం మాటలోని ‘ల్ల’ అదే గడిలో కలిసే నిలువు మాటలోనూ అదే రూపంలో రావాలి. కూర్చేవారికి ఇదే కష్టం, పూరించేవారికి ఇదే ఆధారం. ‘అటుఇటైన మూరుపాల’ అన్న ఆధారానికి పాలమూరు తట్టిన క్షణపు సంబరం కోసమే నేను పొద్దుటి చాయ్‌ని చల్లార్చుకుంటాను. కొత్తవారు పెన్సిలుతో, చిన్న మాటలతో మొదలుపెట్టడం మేలు.