సీఏ ఇంటర్ అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో 37, మళ్లీ దిద్దిస్తే 40 అవుతాయా?

తమ్ముడూ, నీ మార్కులు 37, 61, 56. మొత్తం 154 కాబట్టి మూడు పేపర్ల గ్రూపుకు కావాల్సిన 150 దాటావు, కానీ ప్రతి పేపర్‌లోనూ కనీసం 40 రావాలన్న దగ్గరే ఆగిపోయావు. కడుపు మండటం సహజమే.

సీఏ ఇన్‌స్టిట్యూట్‌లో రీవాల్యుయేషన్, అంటే జవాబులు మళ్లీ దిద్దడం, లేదు. వెరిఫికేషన్‌లో చూసేది రెండే: కూడిక తప్పిందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా. పేపర్‌కు 100 రూపాయలు, ఫలితాలొచ్చిన నెలలోపే అప్లై చెయ్యాలి. 500 కట్టి నీ జవాబు పత్రం సర్టిఫైడ్ కాపీ కూడా తెప్పించుకో. నా లెక్కలో అదే అసలు విలువైంది, ఎందుకంటే మార్కులు ఎక్కడ జారాయో అందులోనే కనపడుతుంది.

కాపీ రాగానే కన్సాలిడేషన్ (కొన్న కంపెనీ, అమ్ముడైన కంపెనీ ఖాతాలు కలిపే) లెక్క తియ్యి. అక్టోబర్ 1న ఒక కంపెనీలో 80 శాతం షేర్లు కొన్నారు, మార్చి ముగింపుకు దాని ఏడాది లాభం 2,40,000, నెలనెలా సమానంగా వచ్చింది అనుకుందాం. కొన్న తర్వాతి లాభం 1,20,000. అందులో హోల్డింగ్ (షేర్లు కొన్న కంపెనీ) వాటా 96,000, మైనారిటీది (మిగతా 20 శాతం వాటాదారులది) 24,000. ఈ విభజన వర్కింగ్ నోట్‌లో (జవాబుతో పాటు చూపే లెక్కలో) కనపడితే, చివర్లో గుడ్‌విల్ (నికర ఆస్తుల వాటాకు మించి చెల్లించిన మొత్తం) తప్పినా స్టెప్ మార్కులు పడతాయి. నేరుగా బ్యాలెన్స్ షీట్‌లో అంకె వేసేస్తే, అది తప్పైనప్పుడు దిద్దేవారికి మార్కు వెయ్యడానికి ఆధారమే ఉండదు. చాలామందికి పోయేది ఇక్కడే.

ఇంకోటి, 61 వచ్చిన పేపర్‌కు ఎగ్జెంప్షన్ ఉంది, అంటే తర్వాతి మూడు అటెంప్ట్‌ల వరకు అది మళ్లీ రాయక్కర్లేదు. గుంటూరు బ్రాడీపేటలో నువ్వుంటున్న రూమ్ ఇప్పుడే ఖాళీ చెయ్యకు. ఈసారి రెండు పేపర్లే.