మోటారు మార్చకండి, ముందు గాలి దారి చూడండి

మీరు అడిగింది ఇదీ: పర్లాకిమిడిలో ఇల్లు. పండక్కి గోడలు గీకించి, పుట్టీ పెట్టించి, రంగులు వేయించారు. ఆ దుమ్మంతా 1,400 వాట్ల వ్యాక్యూమ్ క్లీనరుతోనే లాగారు. అప్పట్నించి చప్పుడు పెరిగింది, లాగడం తగ్గింది, పది నిమిషాలకు ఆగిపోయి గంట తర్వాత మళ్లీ తిరుగుతోంది. షాపులో మోటారు మార్చాలన్నారు.

అప్పుడే మార్చొద్దండి. కాలిపోయిన మోటారు గంట ఆగితే మళ్లీ తిరగదు. చల్లారాక తిరుగుతోందంటే లోపలున్న థర్మల్ కటౌట్, అంటే మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే స్విచ్చి, దాన్ని కాపాడుతోందన్నమాట. పొడి దుమ్ము మాత్రమే లాగే ఇంటి మిషన్లలో పీల్చిన గాలే మోటారు మీదుగా పోయి దాన్ని చల్లబరుస్తుంది. ఆ దారి మూసుకుంటే లాగడమూ తగ్గుతుంది, చలువా తగ్గుతుంది. తోయడానికి గాలి లేక లోపలి ఫ్యాను తేలికై ఇంకా వేగంగా తిరుగుతుంది, అందుకే చప్పుడు కీచుమంటుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి.

ఎక్కడ మూసుకుందో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. గొట్టం ఊడదీసి, మిషను నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి ఆన్ చేయండి. చెయ్యి గట్టిగా అతుక్కుంటే మిషను బాగుంది, అడ్డం గొట్టంలోనో పైపులోనో బ్రష్‌లోనో ఉంది. అతుక్కోకపోతే ఆపి, సంచీ, ఫిల్టరు తీసి, అయిదు సెకన్లు మాత్రం మళ్లీ ఆన్ చేసి చూడండి. ఇప్పుడు లాగితే తప్పు ఫిల్టరుదే. అయిదు సెకన్లు మించొద్దు, ఫిల్టరు లేకుండా వెళ్లే దుమ్ము నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

మీ విషయంలో నా అనుమానమంతా ఫిల్టరు మీదే. పుట్టీ దుమ్ము, సున్నప్పొడి, ముగ్గుపొడి మామూలు ఇంటి దుమ్ములాంటివి కావు. జుట్టూ నూలుపోగులూ ఫిల్టరు మీద పొరగా నిలిచినా గాలిని కొంత పోనిస్తాయి. ఈ సన్నపొడులు మాత్రం రంధ్రాల్లోకే దిగి కూర్చుంటాయి. సంచీ పావు వంతు కూడా నిండదు, గాలి మాత్రం ఆగిపోతుంది. సంచీ ఖాళీగా ఉందని చాలామంది ఫిల్టరు జోలికే పోరు. సంచీ గుడ్డదైతే తిరగేసి బయట దులపండి, కాగితందైతే ఇంత పుట్టీ లాగాక ఖాళీగా కనబడినా మార్చేయాల్సిందే.

ఫిల్టరును వెంటనే నీళ్లలో పెట్టొద్దు. పుట్టీ పొడి తడిస్తే ముద్దయి, ఆరాక గట్టిపడుతుంది. ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెరట్లో ఫిల్టరు అంచును అరచేతికి కొడుతూ పొడిగా రాల్చండి. మెత్తటి పెయింటు బ్రష్‌తో మడతల వెంబడే దులపండి, అడ్డంగా కాదు. పొడి రాలడం ఆగాకే కడగాలి, అదీ కడగొచ్చని ఫిల్టరు మీద రాసి ఉంటేనే. చల్లటి నీళ్లు, సబ్బు లేకుండా, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి పోయేలా పొయ్యండి. నీడలో 24 గంటలు ఆరనివ్వండి, ముసురు పట్టిన రోజుల్లో 48. చేతికి ఆరినట్టే ఉన్నా మడతల్లో తడి మిగులుతుంది. తడి ఫిల్టరుకు దుమ్ము బురదలా పడుతుంది, వాసనా వస్తుంది. కాగితం ఫిల్టరైతే కడగొద్దు, మార్చడమే. రెండోది ఒకటి కొని ఉంచుకుంటే ఆరే దాకా పని ఆగదు.

ఫిల్టరు తీసినప్పుడే మోటారు వైపున్న గూట్లో వేలితో రాసి చూడండి. ఇది ముఖ్యం. అక్కడ తెల్లటి పొడి అంటిందంటే ఫిల్టరు చిరిగిందనో, చుట్టూ ఉన్న రబ్బరు సరిగ్గా కూర్చోలేదనో అర్థం. అప్పుడు ఎంత కడిగినా లాభం లేదు.

అడ్డం గొట్టంలో ఉంటే గోలీ ఒకటి వేసి, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని ఆడించండి. ఇవతలికి రాకపోతే ఎక్కడ ఆగిందో తడిమితే తెలుస్తుంది. ఇనుప కడ్డీ గుచ్చొద్దు, గొట్టం చిరుగుతుంది. గొట్టాన్ని మిషను గాలి ఊదే వైపు బిగించి, అవతలి కొసకు గోనెసంచీ కట్టి ఆన్ చేస్తే చాలాసార్లు అదే బయటకు వస్తుంది. పిడి దగ్గర గొట్టం చీలడం మామూలే. చీలిన మేర కోసేసి, మిగతాదాన్ని మళ్లీ పిడిలోకి తిప్పి బిగిస్తే నాలుగు వేళ్ల పొడుగు తగ్గుతుంది, అంతే.

ఇక కరెంటు సంగతి. 1,400 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. టీవీకి వాడే సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బోర్డు దీనికి చాలదు, ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ తప్పదంటే తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి. మిషను తీగను కూడా పసుపు గుర్తు దాకా బయటికి లాగాకే ఆన్ చేయండి, లోపల చుట్టుకునే ఉంటే ఆ చుట్టలోనే వేడి పుడుతుంది. సాయంత్రాలు వోల్టేజి పడిపోయే వీధుల్లో మిషను మందగిస్తుంది, దాన్ని చూసి మోటారు జబ్బనుకోవద్దు. ఉదయం ఒకసారి నడిపి పోల్చుకోండి.

ఇవన్నీ అయ్యాకా పది నిమిషాలకే ఆగుతుంటే, అప్పుడు మోటారు దగ్గరికి వెళ్లాలి. ప్లగ్గు తీసేసి విప్పండి. మోటారుకు రెండు వైపులా కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు. పొడుగు 10 మిల్లీమీటర్ల కంటే తగ్గితే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే అరుగుదల సరిగ్గా ఉండదు. కార్బన్ గూట్లో సులువుగా జారాలి. పుట్టీ దుమ్ము వెళ్లిన మిషన్లలో ఇది ఇరుక్కుంటుంది, దాంతో నిప్పురవ్వలు పెరుగుతాయి. కార్బన్ల దగ్గర చిన్న నీలి రవ్వలు సహజమే, అవి రాసుకునే రాగి పలకల చుట్టూ నిప్పు వలయంలా తిరిగితే మాత్రం ఆపేయండి. రాగి పలకలు నల్లబడితే 400 నంబరు సాండ్ పేపరుతో తేలిగ్గా రుద్ది, సందుల్లోని మసి చీపురుపుల్లతో తీయండి. ఎమరీ పేపరు వద్దు, దాని పొడి సందుల్లో చేరి షార్టు చేయొచ్చు. చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు పోయినట్టు. చాలా మోటార్లలో 608 నంబరు ఉంటుంది, అయినా పాతదాని మీద చదివే కొనండి. బేరింగులకు మోటారు మొత్తం మార్చనక్కర్లేదు, రివైండింగ్ షాపుల్లో వేస్తారు.

మీది తడీ పొడీ రెండూ లాగే డ్రమ్ము రకమైతే, నీళ్లు లాగే ముందు గుడ్డ ఫిల్టరు తీయడం, తర్వాత డ్రమ్ము ఆరబెట్టడం మరిచిపోకండి. సబ్బునురుగు లాగొద్దు. నీళ్లు నిండితే లోపల తేలే బంతి లేచి గాలి దారి మూస్తుంది గానీ, నురుగు దాన్ని దాటి మోటారులోకి పోతుంది.

ముగ్గుపొడి, పొయ్యి బూడిద, పుట్టీ ముందు చీపురుతో ఎత్తేసి, మిగిలిన పలచటి పొరకే మిషను పెట్టండి. మార్గశిర గురువారాలకు ఒడియా ఇళ్లలో వేసే ఝోటి ముగ్గు బియ్యప్పిండి ముద్దతో వేసేది, గచ్చుకి అతుక్కుని ఉంటుంది. దాన్ని తడిగుడ్డతోనే తుడవాలి. ఈ వారంలో ఫిల్టరు చూసి, అరచెయ్యి పరీక్షలో ఏం తేలిందో రాయండి. మోటారు గూట్లో తెల్లపొడి ఉందో లేదో కూడా చెప్పండి, తర్వాత ఏం విప్పాలో దాన్ని బట్టే ఉంటుంది.