ఇంటి నుంచి పనిచేసే కాంట్రాక్టర్ ప్రయాణ ఖర్చులు క్లెయిమ్ చేయవచ్చా?

ఇంట్లోనే పని, అప్పుడప్పుడు క్లయింట్ ఆఫీసుకు వెళ్లాలి. ఆ ఖర్చు పన్ను లెక్కల్లో రాసుకోవచ్చా అన్నదే కదా ప్రశ్న. ముందు కాంట్రాక్ట్ తీసి చూడండి. పనిచేసే చోటు మీ ఇల్లేనని అందులో ఉంటే, ఎప్పుడో ఒక మీటింగ్‌కు వెళ్లిరావడం సాధారణంగా వ్యాపార ప్రయాణం కిందికే వస్తుంది. అదే వారం వారం ఒకే ఆఫీసుకు వెళ్తుంటే, చాలా దేశాల పన్ను నిబంధనలు దాన్ని రోజువారీ రాకపోకలుగానే చూస్తాయి. ఇంట్లో టేబుల్ వేసుకున్నంత మాత్రాన అది మారదు.

క్లయింట్ డబ్బు తిరిగి ఇస్తే, దాన్ని ఆదాయంలో చూపకుండా ఖర్చు మాత్రం రాసుకోవడం కుదరదు. ఇంకో మాట: రైలు టికెట్ మీద తేదీ ఉంటుంది గానీ ఎందుకు వెళ్లారో ఉండదు. మీటింగ్‌కు పిలిచిన ఈమెయిల్‌ కూడా దానితోపాటే దాచండి.