డిసెంబరాలు ఆకులే వేస్తున్నాయా?

ప్రశ్న: మాది కోనసీమలో ఓ పల్లెటూరు. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి పనికొస్తాయని రెండేళ్ళ కిందట నీలం డిసెంబరాలు వేశాను. మొక్క నడుం ఎత్తు పెరిగింది, ఆకు నిగనిగలాడుతోంది, పూలు మాత్రం గుప్పెడు కూడా రావు. కొబ్బరిచెట్ల కింద ఉంది. ఏటా దసరాకి ఇంటిచుట్టూ శుభ్రం చేస్తూ దీన్నీ కత్తిరించి, కాస్త యూరియా వేస్తాం. పీకేసి ఇంకేదైనా వేయమంటారా?

జవాబు: పీకకండమ్మా! మొక్కలో ఏ లోపమూ లేదు, చిక్కంతా మీరు కత్తెర పట్టే నెలలోనే ఉంది. వానాకాలమంతా ఎదిగిన కొమ్మ, పొద్దు తగ్గే ఆశ్వయుజ, కార్తీకాల్లో మొగ్గకి తిరుగుతుంది, ఆ మొగ్గ వచ్చేది కొమ్మ చివర్లలోనూ ఆ కింది ఆకుల మొదళ్ళలోనూ. సరిగ్గా అప్పుడే మీరు చివర్లు కోసేస్తున్నారు, పైగా యూరియా పడేసరికి అది మళ్ళీ ఆకులు వేయడంలో పడిపోతోంది. ఈసారి కత్తిరించకుండా వదిలేసి ఓ కొమ్మ వంచి చూడండి. అంచులకి సన్నటి పళ్ళున్న రెండు పచ్చ రేకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పువ్వు వాటి మధ్యనుంచే బయటికొస్తుంది.

కత్తెర పట్టాల్సింది సంక్రాంతి వెళ్ళి పూలు ఆగాక. మోకాలి ఎత్తుకి కోసేయండి, భయం లేదు, మళ్ళీ చిగురిస్తుంది. ఆషాఢంలో చివర్లు ఒకసారి గిల్లితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. శ్రావణం దాటాక మాత్రం ముట్టుకోవద్దు. యూరియా అసలు మానేయండి, తొలకరికి రెండు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు చాలు.

కొబ్బరి నీడకి మొక్క చావదు గానీ పూటైనా ఎండ తగిలితేనే నిండుగా పూస్తుంది. తూర్పు వైపు గోడ వారనో, వీధి దడి పక్కనో వేయండి. మన ఒండ్రు మట్టిలో, అందులోనూ వాయుగుండాలు పట్టే అక్టోబరు, నవంబరుల్లో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, అందుకని జానెడు ఎత్తు గట్టు పోసి నాటాలి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు కూడా వారానికి రెండుసార్లు బకెట్ నీళ్ళు పోస్తే నెట్టుకొచ్చేస్తుంది. నర్సరీ చీటీ మీద ఫిలిప్పీన్ వయొలెట్ అని రాసున్నా ఇది మన దేశపు మొక్కే, కనకాంబరం కుటుంబంలోదే. ఇంత తక్కువ అడిగి, చలికాలంలో ఇంత పూసే మొక్కని వదులుకోవడం నాకైతే మనసొప్పదు.

కొత్త మొక్కలు కొననక్కర్లేదు. వానలు మొదలయ్యాక మూడు నాలుగు కణుపులున్న కొమ్మ గుచ్చితే వేరు పట్టేస్తుంది. ఎండిన కాయలు చిట్లి చిమ్మిన గింజలు కూడా తొలకరికి తల్లి మొక్క కిందే మొలుస్తాయి, కలుపనుకుని లాగేయకండి. తెలుపు, గులాబీ, చారల రకాలు కావాలంటే కడియం వైపు వెళ్ళినప్పుడు పూలున్న నెలలోనే, రంగు కళ్ళారా చూసి తెచ్చుకోండి.