చెన్నై తేమలో పియానో: అమ్మాయికి అత్తయ్య లేఖ

వెస్ట్ మాంబళం, చెన్నై.

చి.ల.సౌ. అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

పాప కోసం పాత అప్‌రైట్ పియానో ఒకటి కొన్నారనీ, అది మొన్ననే బెసంట్ నగర్‌లోని మీ ఫ్లాటుకు చేరిందనీ, ఈ ఆదివారమే ట్యూనర్‌ను పిలిపించదలచారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. కానీ ఈ ఆదివారం ఆ పని పెట్టుకోవద్దు. కొత్త గది గాలికి పియానోలోని కర్ర అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపల ఎంత చేయి తిరిగినవాడు శ్రుతి చేసినా నిలవదు, ఇచ్చిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

లోపల సుమారు 230 తీగలుంటాయి. వాటి లాగుడు అంతా కలిపితే 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది, దాన్ని ఇనుప చట్రం మోస్తుంది. ఇనుము వానకు ఉబ్బదు గాని, తీగల కదలికను నాదంగా మార్చే సౌండ్‌బోర్డు అనే వెనుక పలక సాధారణంగా స్ప్రూస్ కర్రతో, సెంటీమీటరు మందం లోపే ఉంటుంది. గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ పలక ఉబ్బి, వీణకు గుర్రం ఉన్నట్టే దాని మీదుండే గుర్రాన్ని తీగల మీదికి నెడుతుంది. తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. గాలి ఆరినప్పుడు పలక కుంగి శ్రుతి దిగుతుంది. ఈ మార్పు అన్ని స్థాయిలలో ఒకే కొలతగా జరిగితే ఎవరికీ తెలియకపోయేది, కానీ మధ్య స్థాయి ఎక్కువగా, మంద్రం తక్కువగా కదులుతాయి కనుక వాయిద్యం తనతో తానే పొసగకుండా పోతుంది.

అందువల్ల నేను ముందుగా అడిగేది ట్యూనర్ ఎవరని కాదు, ఏసీ ఎలా వాడుతున్నారని. రాత్రి ఎనిమిది గంటలు ఏసీ వేసి గదిని ఆరబెట్టి, తెల్లవారగానే కిటికీలు తెరిచి సముద్రపు గాలిని లోపలికి రానిచ్చే ఇళ్లలో ఆ పలక రోజూ ఒకసారి ఎండి, ఒకసారి తడుస్తుంది. పుస్తకాలలో 45 శాతం తేమ మంచిదని ఉంటుంది. చెన్నైలో దాని కోసం ప్రాకులాడితే కరెంటు బిల్లు తప్ప మిగిలేది లేదు. 60 శాతం వద్దనే నిలకడగా ఉంచగలిగితే, 45కూ 80కీ మధ్య ఊగే గది కంటె అది ఎంతో మేలు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని పియానో మీద పెట్టి, రెండు వారాలు ఉదయం, సాయంత్రం అంకెలు వ్రాసి పెట్టు. ఏసీ లేని గది ఉంటే పియానోను అక్కడికి మార్చడమో, లేకపోతే తేమ తీసే యంత్రం పెట్టడమో ఆ అంకెలు చూశాక నిర్ణయించవచ్చు.

పియానో పెట్టే చోటు విషయంలో నాకు పట్టింపులున్నాయి. సముద్రం వైపు కిటికీ పక్కన గాని, స్నానాలగది గోడకు ఆనించి గాని, ఏసీ గాలి సూటిగా తగిలే చోట గాని, ఎండ పడే చోట గాని పెట్టవద్దు. లోపలి గోడకు బెత్తెడు ఎడం ఉంచి నిలబెట్టండి. దాని మీద పూలకుండీ, మంచినీళ్ల సీసా పెట్టనివ్వవద్దు.

పూర్వం నేను మా పియానో అడుగు భాగంలో 25 వాట్ల బల్బు వెలిగించి ఉంచేదాన్ని. నవంబరులో అది పనిచేసింది; మే నెలలో ఆర్పడం మరచిపోయాను, కర్ర ఎండి పైన ఎడమ వైపు సన్నని బీట ఒకటి పడింది. ఇప్పుడు తేమను బట్టి తానే వెలిగి తానే ఆరే హీటర్ కడ్డీలు వచ్చాయి కనుక, పెట్టిస్తే అటువంటిది పెట్టించు, బల్బు జోలికి పోవద్దు.

మెట్లు అతుక్కుపోవడం వానాకాలంలో తప్పదు. నొక్కిన మెట్టు తిరిగి పైకి రాకపోతే ముందు సందులో పాప పెన్సిలో, చిల్లర నాణెమో పడలేదు కదా అని చూడు. లేకపోతే మెట్టు కింది పిన్నుల చుట్టూ ఉన్న ఫెల్ట్, అంటే మందపాటి ఉన్ని గుడ్డ, తేమకు ఉబ్బిందన్నమాట. గది ఆరాక చాలావరకు అదే సర్దుకుంటుంది, సర్దుకోనిదాన్ని ట్యూనర్ సడలిస్తాడు. కర్రను గరుకు కాగితంతో రుద్దనివ్వవద్దు, ఎండాకాలంలో ఆ మెట్టు గడగడలాడుతుంది. ఒకసారి మా ఇంటికి వచ్చిన పనివాడు కుట్టుమిషను నూనెను తీగలను కొట్టే సుత్తుల కీళ్లలో పోశాడు. ఆ వారం అన్నీ చక్కగా కదిలాయి; మూడు నెలలకు నూనె దుమ్ముతో కలిసి జిగురై, సుత్తులు కొట్టిన చోటనే నిలిచిపోసాగాయి, ఫెల్టులన్నీ మార్పించవలసి వచ్చింది. తీగలు బిగించే బిరడల మీద గాని, కీళ్లలో గాని ఎవరు నూనె చుక్క వేయబోయినా చేయి పట్టి ఆపు.

శ్రుతి ఏడాదికి రెండుసార్లు చేయించాలి. మన ఊరికి ఎక్కువ వాన ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. ఆ మధ్యలో చేయిస్తే ఉబ్బిన పలకకు శ్రుతి చేసినట్టవుతుంది. జనవరి చివరనో ఫిబ్రవరిలోనో ఒకసారి, ఎండలు తగ్గాక ఆగస్టులో మరొకసారి నేను చేయిస్తాను. మీది చాలాకాలం శ్రుతి లేక అర స్వరం కిందికి దిగి ఉంటే ఒక్క పూటతో పని తీరదు. తీగలన్నీ బిగిస్తూ పోతే చివరికి వచ్చేసరికి మొదట బిగించినవి మళ్లీ దిగుతాయి కనుక, ముందు అన్నిటినీ సుమారుగా ఎత్తి, తరువాత సన్నగా సరిదిద్ది, నెలకో నెలన్నరకో మళ్లీ పిలవాలి. తుప్పు పట్టిన తీగలు తెగే ప్రమాదం ఉందని నిజాయితీ గల ట్యూనర్ ముందే చెబుతాడు. 1842లో మొదలైన, మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ వంటి వాయిద్యాల దుకాణాలలోనూ, పాపకు నేర్పే టీచరు వద్దనూ విచారించు.

ట్యూనర్ వచ్చిన రోజున రెండు గంటలు మిక్సీ, కుక్కరు, టీవీ, చివరికి తలమీది ఫ్యాను కూడా ఆపాలి. ఆయన వినేది స్వరాన్ని మాత్రమే కాదు, అలలను. మధ్య, తార స్థాయిలలో ఒక్కొక్క మెట్టుకు మూడేసి తీగలుంటాయి. ఒకటి సెకనుకు 440 సార్లు, మరొకటి 442 సార్లు కంపిస్తుంటే సెకనుకు రెండుసార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. ఆ ఊగు పోయేవరకు బిరడ తిప్పడమే ఆయన పని. గట్టిగా కొట్టి చూడడం కూడా అందులో భాగమే, కంగారు పడవద్దు.

ఇక్కడ నీకొక మాట చెప్పాలి. నువ్వు చిన్నప్పటి నుంచి తంబూరా పక్కన పాడినదానివి కనుక, ఆయన వెళ్లాక సా, పా వాయించి సరేనంటావు, అంతర గాంధారం వినగానే ఎక్కువైందంటావు. నీ చెవి తప్పు కాదు, ఆయన చేయి కూడా తప్పు కాదు. ఏ స్వరాన్ని షడ్జంగా తీసుకున్నా వాయించగలిగేలా పియానోలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. అందువల్ల గాంధారం స్వచ్ఛమైనదాని కంటె 14 సెంట్లు పైన, పంచమం 2 సెంట్లు కింద ఉంటాయి. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. ఆ గాంధారాన్ని దించమని ఆయనను పట్టుబట్టవద్దు. నేను పట్టుబట్టి దింపించుకుని, మరో షడ్జం మీద వాయించినప్పుడు చెవులు మూసుకున్నాను.

మిగిలినవి చిన్న పనులు. మెట్లను కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడువు. పాతది కనుక దంతపు మెట్లు ఉంటే స్పిరిట్ తగలనీయకు. దంతం చీకటిలో పసుపెక్కుతుంది గనుక పగలు కొంతసేపు మూత తెరిచి ఉంచు. చిమ్మెటలకు ఫెల్ట్ మహా ఇష్టం, ఎలుకలకు పెడళ్ల దగ్గరి చోటు ఇష్టం. ఆరు నెలలకొకసారి కింది పలక తీయించి దుమ్ము లాగించు. చెవికి బాగుంటుందని ఎవరినో పిలిచి సుత్తుల ఫెల్టును సూదులతో పొడిపించకు, అది శ్రుతి కుదిరాక, నాదం నిజంగా గరుకుగా ఉంటే, అనుభవం ఉన్నవాడు చేసే పని.

రెండు వారాల తేమ అంకెలు పంపు. ట్యూనర్ వచ్చే రోజు ముందుగా చెబితే నేను కూడా వస్తాను. భోజనం మటుకు ఆయన వెళ్లాకనే వండు, కుక్కరు విజిల్ నేను కూడా భరించలేను.

ఇట్లు,
మీ అత్తయ్య