తప్తపాణి ప్రయాణం గురించి అమ్మడికి

అమ్మడూ,

నువ్వూ నీ స్నేహితురాళ్లూ ఏప్రిల్‌లో కారేసుకుని ఒడిశాలో తప్తపాణి వేడినీటి బుగ్గకి వెళ్తున్నారని, అక్కడి పల్లెల్లో భక్తులు మొక్కుగా చేసే దండ నాట కూడా చూసొస్తారని మీ అమ్మ చెప్పింది. విశాఖ నుంచి బరంపురం దాకా నువ్వే నడుపుతావట. రోడ్డు దాటాలంటే నా కొంగు పట్టుకునే పిల్లవి! గుండె నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

తెల్లవారకముందే బయల్దేరండి. ఇచ్ఛాపురంలో ఆగి టిఫిన్ చేయండి. బరంపురం నుంచి తప్తపాణికి 50 కిలోమీటర్లు, చివర్లో ఘాట్ రోడ్డు. చీకటి పడ్డాక ఎక్కొద్దు. గది ముందే బుక్ చేసుకోండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. పెదనాన్న కనుబొమ మీద మచ్చని చిన్నప్పుడు వేలితో తడిమి ఇదేంటని అడిగేదానివి. సైకిల్ మీంచి పడ్డారని చెప్పేదాన్ని. అది అబద్ధం. ఆ దెబ్బ తప్తపాణి మెట్ల మీద తగిలింది, నా మొండితనం వల్ల.

1994లో, ఏప్రిల్‌లో వచ్చే మేరు సంక్రాంతికి రెండు రోజుల ముందు వెళ్లాం. మధ్యాహ్నం ఓ పల్లెలో దండ నాటలో భాగమైన ధూళి దండ చూశాం. కాలు పెట్టలేనంత కాలిన నేల మీద, ఆ దుమ్ములో దండ భక్తులు పొర్లుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. వాళ్లు రోజుకి ఒక్కపూటే తింటారని విని, మనమూ ఇవాళ రాత్రి దాకా తినొద్దన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారు, ఆ తర్వాత మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. ఆ ఎండలోంచి నేరుగా తప్తపాణి వెళ్లాం.

అసలు కుండంలో నీళ్లు బాగా వేడి, అక్కడ పూజే చేస్తారు. స్నానం పక్కన కోనేరులో. ఆయనకి మోకాళ్ల నొప్పులు. పది నిమిషాలు కాగానే "ఇక చాలు, తల తేలిపోతోంది" అన్నారు. ఇంత దూరం వచ్చింది దేనికి, ఇంకాసేపు కూర్చోండి అని నేనే భుజం పట్టి కూర్చోబెట్టాను. మరో ఇరవై నిమిషాలకి లేచి ఒక మెట్టు ఎక్కారు. రెండోది ఎక్కలేదు. తల రాతికి తగిలిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. నీళ్లలో ఎర్రగా పాకింది. భాష రాని చోట నేను తెలుగులోనే అరుస్తుంటే, ఎవరో ముసలావిడ తన చీర కొంగు చించి కట్టు కట్టింది. ఆవిడ పేరైనా అడగలేదు.

వేడినీళ్లలో ఉంటే రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. చెమట పోయి, కడుపు ఖాళీగా ఉండి, పైగా బీపీ మాత్ర వేసుకున్న మనిషి గబుక్కున లేస్తే మెదడుకి రక్తం అందదు. అయిదు కుట్లు పడ్డాయి. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

కాబట్టి ఎండ చూసిన రోజు వేడినీళ్లు వద్దు. కోనేటికి తెల్లవారుజామునే వెళ్లు, దండ నాటకి సాయంత్రం వెళ్లు. రాత్రి ఆటా పాటా ఎలాగూ అప్పుడే. పదిహేను నిమిషాలు దాటకు, ఫోన్‌లో అలారం పెట్టుకో. ముందు పాదం పెట్టి చూడు. లేచేముందు మెట్టు మీద కాసేపు కూర్చో. తల ముంచొద్దు, ముక్కులోకి నీళ్లు పోనివ్వొద్దు. గోరువెచ్చటి నీళ్లలో ప్రాణం తీసే అమీబా ఉండొచ్చు. మజ్జిగ సీసా దగ్గర పెట్టుకో. అలారం మోగితే లేవాలి తల్లీ, బతిమాలించుకోకు. నీ స్నేహితురాళ్లలో ఎవరైనా "చాలు" అంటే మాత్రం ఇంకాసేపు అని నువ్వు అనకు.

వెండి పట్టీలు తీసి వెళ్లు, ఆ నీళ్లలో గంధకం వల్ల నల్లబడిపోతాయి. నావి అలాగే అయ్యాయి, ఇప్పటికీ తోమలేదు.

దండ ఊరూరూ తిరుగుతుంది, ఏప్రిల్ 14 మేరు సంక్రాంతితో ముగుస్తుంది. మీరు వెళ్లే రోజు ఎక్కడుందో పొద్దున్నే టీ కొట్టులో అడుగు. అది వాళ్ల మొక్కు, అడగకుండా ఫొటోలు తీయకు.

పెదనాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించాను. చాలాసేపు మచ్చ తడుముకున్నారు. ఆ కోనేటి మెట్లకి ఇప్పుడు పట్టుకోవడానికి కమ్మీ ఏమైనా వేశారేమో చూసొచ్చి చెప్పమన్నారు.

మీ పెద్దమ్మ